అపాయకరమగు సరుకు, రైలుదారి ప్రక్కనున్న ఊరు

ఇచ్ఛాపురము మొదలుకొని ఆముదాలవలస వరకు రైలుదారి కొండలకును సముద్రమునకును నడుమ సాగిపోవును. పడమట మహేంద్రగిరి శ్రేణి; తూర్పున ఉద్దానపు తోటలు. ఉద్యానవనమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ నేలకు మూడు కన్నులు. సోంపేట, బరువ, మందస, పలాస, పూండి, నౌపడ స్టేషనుల పేర్లు వరుసగా చెప్పినచో ఈ సీమ పటమే కన్నులకు కట్టును. టెక్కలి మాత్రము పెద్దదారిపై లేదు. నౌపడనుండి గుణుపురము పోవు శాఖపై ఉన్నది. ఈ దారి ప్రక్కనే ఇండ్లు, కళ్ళములు, తోటలు, బడులు ఉన్నవి. దారిపై రాత్రింబవళ్ళు గూడ్సుబండ్లు పోవుచుండును. వానిలో పెట్రోలు, డీజిలు, ఆమ్లములు, వాయువులు నింపిన ట్యాంకులుండవచ్చును. అట్టి బండికి ప్రమాదము సంభవించినచో ఎవరు బాధ్యులు? ఎవరికి బాధ్యులు? చట్టము ఈ ప్రశ్నకు నూటయేబది యేండ్లకు పైగా ఇచ్చుచు వచ్చిన సమాధానమును ఈ ప్రసంగమున శ్రోతలముందుంచ దలచితిమి.

మొదట ఈ రైలుదారి చరిత్రను రెండు మాటలలో చెప్పుకొందము. బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుదారిని 1893కును 1896కును నడుమ నిర్మించిరి. అప్పుడీ ప్రాంతము చెన్నపురి రాజధానిలోని గంజాం జిల్లాకు చేరియుండెను. దారి మొదట ప్రభుత్వపు సొత్తు. 1902లో ఈ ఉత్తర భాగము బెంగాలు నాగపూరు రైల్వే కంపెనీ చేతికి వచ్చెను. 1944 అక్టోబరు 1న ఆ కంపెనీ రైలును ప్రభుత్వము తీసికొనెను. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో తూర్పుతీర రైల్వే అను పేర్లు వచ్చినవి. పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ చిన్నరైలు 1900లో నడచుట మొదలిడి, 1931 నాటికి గుణుపురము చేరెను. 2011లో అది పెద్దరైలుగా మారెను. యజమానులు మారినప్పుడెల్ల బాధ్యతయు చేతులు మారినది. కాని ఆ బాధ్యత ఎవరియెడల అను విషయము యజమానిని బట్టి కాక చట్టమును బట్టి నిర్ణయమైనది. కనుక చట్టపు దారినే మనము పట్టుకొని పోవలెను.

తొలినాళ్ళలో ఈ దారిపై నడచిన సరుకు చాలవరకు సాధువైనది. నౌపడ కొఠారుల ఉప్పు, ఉద్దానపు కొబ్బరికాయలు, పీచు, ధాన్యము. ఉప్పుబస్తా జారిపడినచో ఎవనికిని హాని లేదు. కాని దీపములకు కిరసనాయిలు, వంటకు అగ్గిపెట్టె, పండుగకు బాణసంచా, రాళ్ళు పగులగొట్టుటకు మందుగుండు రైలుపైననే రాసాగినవి. 1957లో విశాఖపట్టణమున కాల్టెక్సు వారి చమురుశుద్ధి కర్మాగారము వెలసిన పిదప చమురు తీరాంధ్రమున పెద్ద సరుకైనది. ఆ కర్మాగారము ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియము వారిది. సరుకు స్వభావము మారినది. దారిప్రక్క నేల మాత్రము ఆ నేలయే.

అపాయకరమగు సరుకును గూర్చిన రైలు చట్టము ఇంగ్లండులో పుట్టినది. 1845 నాటి రైల్వే నిబంధనల ఏకీకరణ శాసనములో 105వ సెక్షను కలదు. గంధకామ్లము, నత్రికామ్లము, తుపాకిమందు, అగ్గిపుల్లలు మొదలగువానిని తీసికొనిపొమ్మని కంపెనీని నిర్బంధించుటకు ఎవరికిని హక్కులేదనియు, మూటపై సరుకు స్వభావమును వ్రాయక, చెప్పక పంపినవానికి ఇరువది పౌనుల జరిమానా యనియు దాని సారాంశము. ఇందు కంపెనీకి రక్షణయే ప్రధానము. పంపువాడు చెప్పవలెను, చెప్పనిచో తప్పు వానిది. 1862లో ఫారంట్, బార్న్స్ వ్యాజ్యమున న్యాయస్థానము ఈ సూత్రమును మరికొంత సాగదీసెను. నత్రికామ్లపు బుడ్డిని దాని స్వభావము తెలుపకయే ఒకరు రవాణాకు ఒప్పగించిరి. అది పగిలి మోయుచున్న పనివాని ఒడలు కాలెను. ఆ పనివానితో పంపువానికి ఏ ఒప్పందమును లేకున్నను పంపువాడే నష్టపరిహారమీయవలెనని తీర్పు వచ్చెను.

ఈ సూత్రము పలాస వారికి వేరుగా బోధింప నక్కరలేదు. జీడిపిక్క తొక్కలోని రసము చేతిని కాల్చునని అచట పసివారికిని తెలియును. తెలిసియుండుటచేతనే పిక్కలు కొట్టువారు చేతులకు బూడిదయో నూనెయో పూసికొందురు. తెలిసిన అపాయమునకు సగము మందు ఉన్నట్లే. తెలియని అపాయమే నిజమైన అపాయము.

అయితే సరుకు స్వభావము తెలిసియున్నంత మాత్రమున ప్రమాదము తప్పునా? 1868 ఆగస్టు 20న వేల్సు దేశమున అబెర్‌గెలె దగ్గర జరిగిన సంఘటన ఈ ప్రశ్నను ముందుకు తెచ్చెను. ఒక చిన్న స్టేషనులో గూడ్సు వాగన్లను అటునిటు జరుపుచుండగా కొన్ని వాగన్లు విడివడి వాలుమీదుగా జారి పెద్దదారిపైకి పోయినవి. వానిలో పారఫీను నూనె పీపాలుండెను. ఎదురుగా వచ్చుచున్న ఐరిషు మెయిలు వానిని తాకెను. నూనె మంటలై ముందరి పెట్టెలను కప్పివేసెను. ముప్పదిముగ్గురు దహనమైరి. గూడ్సుబండి బ్రేకువాండ్రు ఇరువురపై నరహత్యా నేరము మోపిరి. విచారణలో వారు విడుదలైరి. ప్రభుత్వ తనిఖీ అధికారి తన నివేదికలో కంపెనీ నడవడిని కూడ తప్పుపట్టెను. పీపాలలో ఏమున్నదో అందరికిని తెలియును; తెలిసియు ప్రమాదము జరిగినది. కనుక సమాచారమొక్కటియే చాలదు, కాపుదలయు కావలెను. కాపుదల లోపించినప్పుడు క్రిందివానిని బోనెక్కించి పైవానిని వదలుట న్యాయమా యను తర్కము అప్పటినుండి నేటివరకు తెగలేదు.

ఇంగ్లండు సూత్రములను మన దేశమున 1890 భారత రైల్వేల చట్టము స్వీకరించెను. తూర్పుతీరపు దారి వేయుట ఆరంభించునప్పటికి ఈ చట్టము అమలులో ఉన్నది. దాని 59వ సెక్షను ప్రకారము అపాయకరమైన సరుకును మోయుమని రైల్వేను నిర్బంధింపరాదు. మూటపై స్పష్టముగా గుర్తువేసి, వ్రాతమూలకముగా తెలియజేసిననే ఒప్పుకొనవచ్చును. అనుమానమున్నచో స్టేషను మాస్టరు మూటను విప్పించి చూడవచ్చును. 107వ సెక్షను తప్పుచేసినవానికి ఐదువందల రూపాయల వరకు జరిమానా విధించుటయే కాక, కలిగిన నష్టమునకు వానినే బాధ్యుని గావించెను. 1989లో క్రొత్త రైల్వేల చట్టము వచ్చి 1990 జూలై 1 నుండి అమలైనది. అందు 67వ సెక్షను పాత 59కి వారసురాలు. 164వ సెక్షను పాత 107కు వారసురాలు. ఇప్పుడు మూడేండ్ల వరకు కారాగారము, వేయి రూపాయల వరకు జరిమానా, లేక రెండును. దానిపై నష్టపరిహారపు బాధ్యత. సరుకులను ప్రేలుడు పదార్థములు, వాయువులు, మండు ద్రవములు, మండు ఘనపదార్థములు, దహనమునకు తోడ్పడునవి, విషములు, రేడియోధార్మిక పదార్థములు, ఆమ్లాదులు అని ఎనిమిది తరగతులుగా విభజించి, వేనిని ఎట్లు కట్టవలెనో, ఎట్లు నింపవలెనో, వేని ప్రక్క వేనిని ఉంచరాదో 2000 నాటి రెడ్ టారిఫ్ నియమములు చెప్పుచున్నవి. ఇట్లు చట్టము రక్షించిన మొదటి మనిషి రైల్వేయే.

రెండవ మనిషి సరుకు యజమాని. 1890 చట్టము అతనియెడల రైల్వేకు ఒక సామాన్య నిక్షేపధారి బాధ్యతనే విధించెను. అనగా, సామాన్య వివేకము గలవాడు తన సొత్తును చూచుకొన్నంత శ్రద్ధతో ఇతరుని సొత్తును చూచినచో చాలును. 1961లో చట్టమును సవరించి 1962 జనవరి 1 నుండి రైల్వేను సార్వజనిక వాహకుని స్థానమున నిలిపిరి. అప్పటినుండి సరుకు నష్టమైనచో మొదట రైల్వేయే జవాబుదారి. దైవికము, యుద్ధము, పంపువాని తప్పు, సరుకులోని అంతర్దోషము, అగ్ని, ప్రేలుడు మొదలగు కారణములను తాను నిరూపించినచో తప్పించుకొనవచ్చును; అప్పుడును తాను తగిన ముందుచూపు, జాగ్రత్త చూపితినని చెప్పగలుగవలెను. 1989 చట్టపు 93వ సెక్షనులో ఈ యేర్పాటు నిలిచియున్నది.

మూడవ మనిషి ప్రయాణికుడు. ఇతనికి ఎక్కువ కాలము పట్టెను. రైల్వే తప్పు నిరూపించిననే పరిహారమను స్థితి 1943 వరకు సాగెను. ఆ సంవత్సరమున 82-ఎ సెక్షను చేర్చి, తప్పున్నను లేకున్నను ప్రయాణికుల బండి ప్రమాదమునకు గురియైనచో పదివేల రూపాయల పరిమితికి లోబడి పరిహారమీయవలెనని శాసించిరి. ఇప్పటి చట్టములో ఇది 124వ సెక్షను. 2017 జనవరి 1 నుండి మరణమునకు ఎనిమిది లక్షల రూపాయలు. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరము జిల్లాలో కంటకాపల్లి దగ్గర, విశాఖపట్టణమునుండి పలాసకు పోవు పాసింజరు బండిని వెనుకనుండి రాయగడ పాసింజరు ఢీకొనెను. పదిమందికి పైగా ప్రయాణికులు మరణించిరి. ఆ కుటుంబములు ఎవరి తప్పని వాదింప నక్కరలేకయే ట్రిబ్యునలుకు పోవు మార్గము 124వ సెక్షను కల్పించినది. అది చిన్న మేలు కాదు.

ఇక నాల్గవ మనిషి. అతడు సరుకు పంపలేదు, సరుకు అతనిది కాదు, టిక్కెట్టు కొనలేదు. అతని యిల్లు దారి ప్రక్కనున్నది, అంతమాత్రమే. పూండి దగ్గరనో మందస దగ్గరనో అర్ధరాత్రి ఒక చమురుబండి పట్టాలు తప్పినదనుకొందము. ఒక ట్యాంకు పగిలినది. గాలి తూర్పునకు వీచుచున్నది. తోట కాలినది, బావినీరు చెడినది, నిద్రించుచున్న వారికి ప్రాణాపాయము కలిగినది. 124వ సెక్షను ప్రయాణికుల బండి ప్రమాదములకే. చమురుబండిలో ప్రయాణికులు లేరు. 93వ సెక్షను సరుకు యజమానికే. తోట రైలెక్కిన సరుకు కాదు. రైల్వే భద్రతా కమిషనరు తప్పక విచారణ జరుపవలెనన్న 114వ సెక్షను సైతము ప్రయాణికుల బండ్లనే ప్రధానముగా నుద్దేశించినది. ఇతర ప్రమాదములను ఆయన విచారింప వచ్చును గాని విచారింపవలెనన్న నిర్బంధము లేదు.

ఈ లోపము నేటిది కాదు. ఆవిరియంత్రముల కాలముననే ఇది కన్పట్టినది. వేల్సులో టాఫ్ వేల్ రైలు నిప్పురవ్వలవలన ప్రక్కనున్న వనమొకటి కాలెను. యజమాని వ్యాజ్యము వేయగా 1860లో పై న్యాయస్థానము, యంత్రము నడుపుటకు పార్లమెంటే అనుమతించినదనియు, అజాగ్రత్త లేనప్పుడు కంపెనీ బాధ్యత లేదనియు తీర్పు చెప్పెను. రైతుల మొర నలుబదియైదేండ్లకు ఫలించెను. 1905లో రైల్వే అగ్నిప్రమాదముల శాసనము వచ్చి, రవ్వలవలన పంట కాలినచో తప్పుతో నిమిత్తము లేకుండ నూరు పౌనుల వరకు రైతు రాబట్టుకొనవచ్చుననెను. మొత్తము స్వల్పమే, కాని దారిప్రక్క మనిషికి చట్టములో ఒక స్థానము దొరికినది. మన 1890 చట్టములో అట్టి ప్రత్యేక సెక్షను కానరాదు. తాటాకు ఇండ్ల ఉద్దానమునకు రవ్వలు ఇంగ్లండు పంటపొలములకంటె తక్కువ భయంకరములు కావు గదా!

ప్రత్యేక చట్టము లేనిచోట సామాన్య న్యాయమే శరణ్యము. అబెర్‌గెలె ప్రమాదమునకు సుమారొక నెల ముందు, 1868 జూలైలో, ఇంగ్లండు ప్రభువుల సభ రైలాండ్స్, ఫ్లెచర్ వ్యాజ్యమున ఒక పెద్ద సూత్రమును స్థిరపరచెను. తన నేలపై తప్పించుకొనిపోయినచో హానిచేయు వస్తువును కూడబెట్టినవాడు, అది తప్పించుకొన్నచో జాగ్రత్తపడినను బాధ్యుడే. అయితే దైవికము, పరుల చేత, శాసనానుమతి మొదలగు మినహాయింపులు దానిని చాలవరకు పలుచన చేసినవి. 1984 డిసెంబరులో భోపాలు విషాదము, 1985 డిసెంబరులో ఢిల్లీ శ్రీరాం కర్మాగారపు ఓలియము వాయువు మన న్యాయస్థానమును మేల్కొలిపినవి. 1986 డిసెంబరు 20న, ఎం. సి. మెహతా వ్యాజ్యమున, ప్రధాన న్యాయమూర్తి భగవతి గారి ధర్మాసనము సంపూర్ణ బాధ్యతా సూత్రమును ప్రకటించెను. అపాయకర వ్యాపారము సాగించు సంస్థ దానివలన కలుగు హానికి ఏ మినహాయింపును లేకుండ బాధ్యత వహింపవలెను. సంస్థ ఎంత పెద్దదో పరిహారమును అంత పెద్దదిగా నుండవలెను. తుపానుల తీరమున ఈ భేదము చాల విలువైనది. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస సమీపముననే తీరము దాటి ఉద్దానపు కొబ్బరిచెట్లను నేలగూల్చెను. అట్టి రాత్రి ఒక ట్యాంకు పగిలినచో దైవికమను మాట సరుకు యజమానికి అడ్డు రావచ్చును. సంపూర్ణ బాధ్యతా సూత్రమున దారిప్రక్క రైతుకు అడ్డు రాకూడదు.

కాని సూత్రము వేరు, చేతికి వచ్చు రూపాయి వేరు. వ్యాజ్యము ఏండ్లు సాగును. అందుచేతనే 1991లో ప్రజాబాధ్యతా బీమా చట్టము చేసిరి. అపాయకర పదార్థమును నిర్వహించు యజమాని ముందుగనే బీమా చేయించవలెను. ప్రమాదము జరిగినచో తప్పు నిరూపించకయే బాధితునికి కలెక్టరు ద్వారా తక్షణ సహాయము అందవలెను. నిర్వహణ యనగా తయారుచేయుట, నిలువచేయుట, వాహనముపై రవాణా చేయుట మొదలగునవి. ఇంతవరకు బాగున్నది. అయితే నిర్వచనముల సెక్షనులో వాహనమను మాటకు ఇచ్చిన అర్థమును శ్రోతలు గమనింపవలెను: రైల్వేలు తప్ప ఇతరమగు నేలమీది రవాణా సాధనము. ఆ రెండు మాటలతో పట్టాలపై పోవు ట్యాంకు చట్టము చేయి దాటిపోయినది. జాతీయ రహదారిపై టెక్కలి దగ్గర ట్యాంకరు లారీ బోల్తాపడినచో ప్రక్క గుడిసెవానికి ఈ చట్టము వర్తించును; ఆ చమురే, అంతకు ఎన్నో రెట్లుగ, నౌపడ దగ్గర రైలుపై ఒలికినచో వర్తింపదు. ఒకే ఊరు, ఒకే చమురు, ఒకే మంట. చట్టము మాత్రము రెండు.

2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునలు చట్టము కొంత ఆశ కలిగించుచున్నది. దాని 17వ సెక్షను తప్పుతో నిమిత్తములేని బాధ్యతను అంగీకరించినది. 2020 మే 7న విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి ప్రజలు మరణింపగా, మరునాడే ట్రిబ్యునలు యాబది కోట్ల రూపాయలు జమకట్టుమని కంపెనీని ఆజ్ఞాపించెను. నేలపై నిలిచిన ట్యాంకు విషయమున అంత వేగము సాధ్యమైనప్పుడు, చక్రములపై కదలు ట్యాంకు విషయమున ఎందుకు సాధ్యము కారాదు?

ఇతర దేశముల అనుభవమును ఇచట చెప్పుకొనుట ఉచితము. 2009 జూన్ 29న ఇటలీలో వియారెజ్జో స్టేషను దగ్గర వంటవాయువు బండి పట్టాలు తప్పి మంటలు లేచినవి, ముప్పదియిద్దరు మరణించిరి. వారిలో పెక్కురు దారిప్రక్క వీధులవారు. 2013 జూలై 6న కెనడాలో లాక్ మెగాంటిక్ అను చిన్న పట్టణమునకు చమురుబండి కాపలా లేక జారివచ్చి నలుబదియేడుగురిని బలిగొనెను. రైలు కంపెనీకి ఉన్న బీమా రెండున్నర కోట్ల డాలర్లు. నష్టము అంతకు ఎన్నో రెట్లు. కంపెనీ దివాలా తీసెను. బోనెక్కిన ఉద్యోగులు మువ్వురు 2018లో నిర్దోషులుగా విడుదలైరి. అబెర్‌గెలె కథయే మరల! కాని కెనడా పాఠము నేర్చుకొనెను. 2015లో చట్టము చేసి, ముడిచమురు మోయు రైలుకు కనీస బీమాను విధించి, ఆ పరిమితి వరకు తప్పుతో నిమిత్తములేని బాధ్యతను నిలిపి, ఆపై నష్టమునకు చమురు పంపువారినుండి టన్నుకింతయని వసూలుచేసి ఒక నిధి నేర్పరచెను. జెనీవాలో 1989లోనే ఇట్టి బాధ్యతను గూర్చి అంతర్జాతీయ ఒడంబడిక వ్రాసిరి. తగినన్ని దేశములు చేరక అది నేటికిని అమలులోకి రాలేదు.

రైల్వే పక్షమున చెప్పదగిన మాటలును కలవు. ముద్రవేసిన ట్యాంకులో ఏమున్నదో పంపువాడు చెప్పినదే రైల్వేకు ఆధారము. రహదారిపై వందల లారీలు మోయవలసిన చమురును ఒక్క బండి మోయుచున్నది. దానివలన రహదారిపై అపాయము తగ్గుచున్నది. బాధ్యతనంతయు రైల్వేపై మోపినచో ఆ సరుకు మరల రహదారికి పోవచ్చునను భయమును తోసిపుచ్చరాదు. ఈ వాదమును మేము మన్నింతుము. అందుచేతనే భారమునంతయు ఒకరిపై వేయుమనుట లేదు. పంపువాడు, మోయువాడు ఇద్దరును లాభపడుచున్నారు. ఇద్దరును టన్నుకింతయని ఒక నిధికి చెల్లింపవచ్చును. తప్పు ఎవరిదను వాదము వారిద్దరి నడుమ తరువాత తీరును. బాధితుడు అంతవరకు ఆగ నక్కరలేదు.

2025 జూలై 13న తమిళనాడులో తిరువళ్ళూరు దగ్గర డీజిలు ట్యాంకులు పట్టాలు తప్పి తగులబడెను. అదృష్టవశమున ప్రాణనష్టము లేదు. అదృష్టమును చట్టముగా భావింపరాదు.

నూటయేబది యేండ్లకు పైబడిన కాలములో చట్టము మొదట రైల్వేను, పిదప సరుకు యజమానిని, ఆ పిదప ప్రయాణికుని చూచినది. ప్రతి మెట్టు వెనుకను ఒక ప్రమాదమో, ఒక వ్యాజ్యమో, ఒక పోరాటమో కలదు. నాల్గవ మనిషి వంతు ఇంకను రాలేదు. అతనికై పెద్ద గ్రంథము వ్రాయ నక్కరలేదు. 1991 చట్టపు నిర్వచనములో రైల్వేలను మినహాయించిన ఆ రెండు మాటలను తీసివేయుట ఒకటి. గూడ్సుబండి ప్రమాదమున దారిప్రక్కవారు మరణించినను గాయపడినను కమిషనరు విచారణను తప్పనిసరి చేయుట రెండు. పంపువారును రైల్వేయు కలిసి నిధి యేర్పరచుట మూడు. ఈ మూడును జరిగినచో, మరియొక లాక్ మెగాంటిక్ కొరకు కాచుకొనకయే, పూండి తోటమాలికిని నౌపడ ఉప్పుకొఠారు కూలికిని చట్టములో తమ పేరిట ఒక వాక్యము దొరకును.